ధనవీరుడి ఆఖరి మాట

చిన్న ఈరన్నను సాయంత్రం నాలుగు గంటలకు డోన్ కోర్టులో నిలబెడతారు. ఆ తర్వాత జైలే. స్తుతి పోలీసు స్టేషన్ మెట్లెక్కేటప్పటికి సోమవారం ఉదయం పదకొండూ ఐదయింది.

స్తుతి కడపలో ఒక బీమా కంపెనీ కోసం పన్నెండేళ్లు దొంగ క్లెయిములు పట్టిన మనిషి. ఆ ఉద్యోగం మానుకుని సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచి మూడేళ్లయింది. ఈ కేసును ఆమె చేతిలో పెట్టింది ఈరన్న మనుషులు కాదు. హత్యకు గురైన అరుణ్ కుమార్ తల్లి విశ్వాసమ్మ. నిన్న కొడుకును సమాధి చేసి, ఆ మట్టి చేతులతోనే ఆమె స్తుతి చేయి పట్టుకుంది.

"నా బిడ్డను సంపినోడు ఈరన్న కాదు తల్లీ. ఎండలో ఆ ముసుగేసుకోని మావాడు తిరుగుతాంటే, పిలిచి మజ్జిగ పోసినోడు ఆ ఊర్లో ఆయనొక్కడే."

కొడుకును పోగొట్టుకున్న రోజున ఇంకొకరి మొగుణ్ణి తలుచుకోగలిగిన మనసు అది. స్తుతి ఫీజు సంగతి ఎత్తలేదు.

సి.ఐ. బసవరాజ్ కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"రాండి డిటెక్టివ్ మేడమ్. కడప నుంచి ఇంత దూరం వచ్చినారు. చల్లగా ఏమన్నా తాగి తిరుగు రైలెక్కండి. కేసు మూసేసినాం."

"మూత సరిగ్గా పడిందో లేదో చూసి పోతా సార్."

"పడింది. వినండి." బసవరాజ్ ఫైలు తెరవలేదు, అంతా అతని నాలుక మీదే ఉంది. "మద్దికొట్టాల దగ్గర సిరిచెట్టు కంపెనీ వాళ్ల శ్రీగంధం తోట, చెట్టుకింతని జనానికి అమ్ముతారు. దానికి కావలివాడు ఈరన్న. కంపెనీ ప్రచారానికి వేషం కట్టేవాడు అరుణ్. శుక్రవారం సాయంత్రం ఆరుకు టీ అంగడి ముందర ఈరన్న ఆ పిల్లోడి మెడలో గుడ్డ పట్టుకోని లాగినాడు. 'చెట్లకు దుడ్లు కాస్తాయంటివి గదప్పా, యాడ కాసినాయి?' అని అరిచినాడు. ఇరవై మంది సాక్షులు. మరుసటి దినం తోటలో మోటారు కొట్టం మెట్ల మీద శవం. తల వెనక ఇనుప దెబ్బ. ఈరన్న గుడిసెలో గడ్డపార. ఇంకేం కావాల?"

"గడ్డపార మీద రక్తం?"

"కడిగినాడు."

"టైము?"

"డాక్టరు ఐదుకూ పదకొండుకూ మధ్య అన్నాడు. మేం ఐదున్నర అంటాన్నాం. కరెంటు వచ్చినాంక అరుణ్ తోటలోకి వచ్చినాడని ఈరన్న పెండ్లాం గిడ్డమ్మే చెప్పింది. చేన్లకు కరెంటు వచ్చేది తెల్లవారి ఐదుకు. సబ్‌స్టేషన్ గోడ మీద బోర్డుండాది, పోయి చదువుకోండి. ఆ టైముకు తోటలో ఉన్నది ఈరన్నొక్కడే."

"అప్పటికి మొగుడు తోటలో లేడని కూడా గిడ్డమ్మ చెప్పిందట కదా."

"పెండ్లాం అట్ల గాక ఇంకెట్ల చెప్తాది?"

ఈరన్న వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ కాలికి కట్టు ఉంది. నేల వేడి తగలకుండా ఎవరో ఆ కాలి కింద ఒక గోనెసంచి నాలుగు మడతలు పెట్టి ఉంచారు. గుమ్మం దగ్గర నిలబడిన ముసలి కానిస్టేబుల్ స్తుతి చూపు గమనించి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"శనివారం ఎన్ని గంటలకు తోట వదిలినావు ఈరన్నా?"

"ఎనిమిది బస్సుకమ్మా. కాలి పుండు శానా సలుపుతాండె. ఆసుపత్రికి పోయినా. మళ్ల ఊరు చేరేతలికి మద్దేన్నమాయ."

చీటీ అతని జేబులోనే ఉంది. ఓపీ ముద్ర ఎనిమిదీ యాభై. కట్టు కట్టిన గదిలో వేసిన ముద్ర పదీ నలభై.

"అరుణ్‌తో గొడవెందుకు?"

ఈరన్న చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎద్దులమ్మి చెట్టు కొంటినమ్మా. ఆ పిల్లోడు బొమ్మల పుస్తకం పంచిపెట్టె. ధనవీరుడంట, ఆకాశంలో ఎగిరొచ్చి కరువు రాక్షసుణ్ణి తన్నుతాడంట. చెట్టు ఊపితే నోట్లు రాలతాయంట. పిల్లోళ్ల పుస్తకమని తెలుసు. అయినా నమ్మితి." అతను మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నేను గుడ్డ పట్టుకోని లాగితే ఆయప్ప తిరగబడలేదు. తల దించుకున్నాడు. 'ఈరన్నా, రేపు మహానంది నుంచి బస్సొస్తాది, చెట్లు కొన్నోళ్లంతా తోట చూసేదానికి దిగుతారు. అందరి ముందరా మైకులో నిజం చెప్తా, ఈ ఒక్క రాత్రి ఓర్చుకో' అన్నాడు. అంగట్లో అందరూ ఇన్నారు. సారు ఆ మాట రాసుకోలేదు."

స్తుతి బయటికి వచ్చింది.

"సార్, అరుణ్ తొమ్మిది తర్వాత కూడా బతికే ఉన్నాడని చూపిస్తే?"

"అప్పుడు ఈరన్న ఆసుపత్రిలో ఉన్నట్టు. నేనే మేజిస్ట్రేటుకు ఆ ముక్క చెప్తా." బసవరాజ్ గడియారం వైపు వేలు చూపాడు. "కానీ కాగితం కావాల, మనిషి కావాల. నాలుగు లోపల. నాలుగూ ఒక్క నిమిషానికి వస్తే, మీరు రైలుకు, వాడు జైలుకు."

*

మద్దికొట్టాల తోట చేరేసరికి పన్నెండూ నలభై. అద్దె ఆటోను దారి మీదే ఆపించి స్తుతి కొట్టం వైపు నడిచింది. బోరు మోటారు గుక్క తిప్పుకోకుండా నడుస్తోంది. గిడ్డమ్మ కొట్టం నీడలో కొంగు తల మీదికి లాక్కుని కూర్చుని ఉంది. యాభై దాటిన బక్క మనిషి. శనివారం పదకొండున్నరకు శవాన్ని మొదట చూసింది ఆమే. ఈగలు ముసురుతుంటే తన తుండుగుడ్డ ఆ మొహం మీద కప్పింది. దానికి పోలీసులు ఆమెను తిట్టారు.

"యాడ పడినాడో చూపించు గిడ్డమ్మా."

కొట్టానికి రెండు మెట్లు. పై మెట్టు మీద నల్లగా ఎండిన మరక. అరుణ్ బోర్లా పడ్డాడు, తల బయటివైపు, తూర్పుకు. స్తుతి మెట్టు మీద నిలబడి అటే చూసింది. ఎదురుగా అరవై అడుగుల దూరంలో ట్రాన్స్‌ఫార్మర్. కుడి పక్క గోడ మూల, ఒక మనిషి నక్కడానికి చాలినంత. లోపలి నుంచి బయటికి వచ్చి ఎటో చూస్తున్న మనిషిని ఆ మూల నుంచి కొట్టారు. తరుముకుంటూ వచ్చిన గుర్తులు లేవు. పెనుగులాట లేదు.

లోపల గోడకు మోటారు స్టార్టరు. దాని పక్కనే బల్ల మీద మైకు సెట్టు, కప్పు మీది గొట్టానికి వైరు. మైకు సెట్టు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. స్తుతి వంగి చూసింది. మీట వేసే ఉంది. శబ్దం పెంచే మర పూర్తిగా తిప్పి ఉంది. స్టార్టరుకూ రెండు లైట్లు ఉన్నాయి గనుక, పోలీసులకు ఈ మూడోది లెక్కకు రాలేదు.

"గిడ్డమ్మా, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదమ్మా. అరుణ్ సారు దప్ప దాన్ని ఎవురూ ముట్టరు."

అంటే చనిపోయే ముందు అరుణ్ మైకులో మాట్లాడుతున్నాడు. మైకు సెట్టు వెనక మూత సందులో ఒక కాగితం మడత కనిపించింది. పెన్సిలుతో గీసిన పేజీ. బళ్లో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసిన చేయి అది, గీతలో తడబాటు లేదు. ధనవీరుడు ముసుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. రెండో చేత్తో ఒక చెట్టును పీకి పైకెత్తాడు. చెట్టుకు వేరు లేదు. మాటల బుడగలో ఇలా ఉంది: "అన్నా, అక్కా, ఇది చెట్టు కాదు, కొమ్మ. నేను వీరుణ్ణి కాదు, కూలికి వేషం కట్టినవాణ్ణి."

స్తుతి తోటలోకి నడిచింది. దారి వైపు పది సాళ్లు నిజమైన శ్రీగంధం మొక్కలు. ఒక్కో మొక్క పక్కన ఒక కంది చెట్టు. పదకొండో సాలు నుంచి పచ్చగా ఆకులున్నాయి గానీ పక్కన కంది లేదు. ఒకదాన్ని పట్టి లాగింది. పిడిబాకులా ఊడి వచ్చింది. కింది కొస కొడవలితో ఏటవాలుగా నరికి ఉంది.

గిడ్డమ్మ వెనకే వచ్చి నిలబడింది.

"శ్రీగంధం ఒంటిగా బతకదు గదా గిడ్డమ్మా?"

"బతకదు. కంది వేరు పట్టుకోని సారం తాగాల."

"మరి ఇవి?"

గిడ్డమ్మ నేల చూపులు చూసింది. "గుచ్చింది నేనే. నేనూ, ఇంకా ఆరుగురు ఆడోళ్లు. బస్సొచ్చే ముందు దినం కొండ నుంచి కొమ్మలు తెచ్చి గుచ్చుతాం, డ్రిప్పు నీళ్లు తగిలితే నాలుగు దినాలు పచ్చగుంటాయి. నర్సరీ నుంచి మొక్కలు వచ్చేదాకా అన్నారమ్మా. మూడేండ్లాయ."

"తెలిసీ చెట్టు కొన్నారా?"

"మాది దొంగ చెట్టు కాదు!" ఆమె గొంతు ఒక్కసారి లేచింది. "ముందర సాల్లో ఉండాది. నేనే నీళ్లు పోస్తా. రోజూ పోయి సూసుకుంటా." రవిక లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. బంగారు అంచు పత్రం, మీద ధనవీరుడి బొమ్మ. మూడో సాలు, పదిహేడో చెట్టు.

అప్పుడే దారి మీద జీపు ఆగింది. బసవరాజ్ దిగి గట్టు మీదుగా విసవిసా వచ్చాడు.

"మేడమ్, ఒకరి తోటలో చెట్లు పీకే హక్కు మీకెవరిచ్చినారు?"

స్తుతి చేతిలోని కొమ్మను అతనికి అందించింది. "వేరు యాడుందో చూపించండి సార్, మళ్లీ నాటేస్తా."

అతను దాన్ని తిప్పి చూసి పక్కన పారేశాడు. "నాలుగు మొక్కలు చస్తే కొమ్మ గుచ్చింటారు. కంపెనీ ఓనరు భూపేష్‌ను ఇరికిద్దామనా? శనివారం ఆయన మహానందిలో ఉన్నాడు. తెల్లారి నుంచి పదకొండు దాకా. మా ఇంటావిడ కూడా కంపెనీ బస్సులో ఆడికే పోయింది, కోనేట్లో మునిగిన ఫోటోలుండాయి. ఐదైనా తొమ్మిదైనా ఆయన ఈడ లేడు."

"మీ ఇంటావిడ ఎందుకు పోయింది సార్?"

బసవరాజ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మాకూ ఒక చెట్టుండాది. అందులో తప్పేముంది? కంపెనీ దొంగదైతే పోలీసోళ్లకు అమ్ముతుందా?" ఫోను తీసి పత్రం ఫోటో చూపించాడు. "సూడండి. సర్టిఫికెట్. నంబరు. సాలు. అన్నీ పక్కా."

స్తుతి ఫోను తీసుకుంది. తర్వాత గిడ్డమ్మ కవరును ఆ ఫోను పక్కన పట్టింది.

మూడో సాలు, పదిహేడో చెట్టు. అక్కడా, ఇక్కడా.

మొదట నవ్వింది గిడ్డమ్మే. ఏడుపుకు ముందు వచ్చే నవ్వు అది. "సారూ, మీ చెట్టుకు మూడేండ్లు నేను నీళ్లు పోసినానా, నా చెట్టుకు మీరు కావలి కాసినారా?"

బసవరాజ్ ఫోను లాక్కున్నాడు. మెడ దగ్గర చెమట కాలరును నల్లగా చేసింది. జీపు వైపు పది అడుగులు నడిచి ఆగాడు.

"నాలుగు గంటలు అన్నాను. ఆ మాట మార్చను. మనిషినీ కాగితాన్నీ తెస్తే నిజం చెప్తా. తేకుంటే రాసినదే చదువుతా." గిడ్డమ్మ వైపు చూశాడు. "కోర్టు కాడ నీళ్లుండవు. ఆమెను తాగి రమ్మనండి."

జీపు వెళ్లిపోయింది.

*

ఒంటిగంటా నలభై ఐదుకు లైన్‌మన్ నరసన్న బండి మీద వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి, ఖాకీ చొక్కా, బండికి కట్టిన వైరు చుట్ట. ట్రాన్స్‌ఫార్మర్ కింద ముళ్లపొదలు నరకడానికి వచ్చానన్నాడు. గిడ్డమ్మను చూడగానే బండి దిగి, "ఈరన్న ఎట్లుండాడు వొదినా? కూడు పెడతాండారా?" అని అడిగాడు. తన సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

స్తుతికి కావలసిన మనిషి కాళ్ల దగ్గరికే వచ్చినట్టయింది.

"అన్నా, ఈ చేన్లకు కరెంటు ఎన్ని గంటలకొస్తుంది?"

"ఏ వారానికి మేడమ్?"

"వారానికొకటా?"

"రెండు షిఫ్టులు గదా. పదిహేను దినాలు తెల్లారి ఐదు నుంచి రెండు దాకా, పదిహేను దినాలు తొమ్మిది నుంచి ఆరు దాకా. ఇప్పుడు నడిచేది తొమ్మిది షిఫ్టు."

"ఎప్పుడు మారింది?"

నరసన్న ఫోనులో రైతుల వాట్సాప్ గ్రూపు తెరిచాడు. శుక్రవారం రాత్రి పెట్టిన మెసేజి. "శనివారం నుంచి మన ఫీడరుకు ఉదయం 9 నుంచి సాయంత్రం 6."

స్తుతి ఆ తెరను రెండుసార్లు చదివింది. సబ్‌స్టేషన్ గోడ మీది బోర్డును ఎవరూ చెరిపి రాయలేదు. రైతుకు బోర్డుతో పని లేదు, ఫోనుంది. గిడ్డమ్మకు ఫోను కూడా అక్కర్లేదు, మోటారు చప్పుడే ఆమె గడియారం. ఆమె కరెంటు వచ్చినాక అంటే కరెంటు వచ్చినాకే. దాన్ని ఐదు గంటలుగా మార్చింది, ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఫ్యాను తిరిగే పోలీసు.

"గిడ్డమ్మా, శనివారం జరిగింది మొదటి నుంచి చెప్పు. తొందర లేదు."

"మొగుణ్ణి బస్సెక్కించి వొచ్చి గడ్డి కోస్తాంటి, ఆ వంక కాడ. శానా సేపటికి కరెంటొచ్చె. మోటారు దానంతటదే లేచె. ఇంగ కొంచేపటికి అరుణ్ సారు బండి మీదొచ్చె, ఆ పచ్చ అంగీ, మెడకు జరీ గుడ్డ ఏసుకోని. నన్ను సూసి చెయ్యెత్తె. లోపలికి పోయి మైకు పెట్టె. బస్సొచ్చే ముందర మాట్లాడి సూసుకుంటాండాడు, నాటకమాడేటోళ్లు సూసుకుంటారే, అట్ల. 'నేను వీరుణ్ణి కాదు' అని మొదులుపెట్టినాడు. నడిమద్దెలో ఆగిపాయ. మోటారూ ఆగిపాయ. కరెంటు పోయిందిలే అనుకుంటి. పావుగంటకు మళ్ల వొచ్చె. మైకు మాత్రం పలకలే."

"శనివారం లోడు ఎక్కువ మేడమ్," అన్నాడు నరసన్న, "కరెంటు పోతా వస్తా ఉండె."

స్తుతి తల ఊపింది. ఆమె మనసంతా తొమ్మిది అంకె మీదే ఉంది. తొమ్మిది తర్వాత అరుణ్ బతికున్నాడు. ఎనిమిదీ యాభై నుంచి పదీ నలభై దాకా ఈరన్న ఆసుపత్రిలో ఉన్నాడు. చాలు. గిడ్డమ్మ మేజిస్ట్రేటు ముందు ఈ మాట చెప్పాలి. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ నకలు దానికి తోడు కావాలి. కాని సబ్‌స్టేషన్ పడమటికి పన్నెండు కిలోమీటర్లు, డోన్ తూర్పుకు పద్దెనిమిది. ఉన్నది ఒక్క ఆటో.

"నేను డోన్ పోయేదే మేడమ్," నరసన్న బండి స్టాండు తీశాడు. "వొదినను కోర్టు కాడ దింపుతా. మీరు కాగితం తీసుకోని రాండి."

గిడ్డమ్మ బండెక్కుతూ స్తుతి చేతిని పట్టుకుంది. "అమ్మా, నిజం చెప్తే కంపెనీ పోతాదా? నా చెట్టు?"

"పోతుంది గిడ్డమ్మా."

ఆమె కవరును మళ్లీ రవికలో దోపుకుంది. "పోనీ. మొగుడొస్తాడు గదా."

రెండూ పదికి బండి దుమ్ములో కలిసిపోయింది.

*

సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నది శివజ్యోతి అనే ఆపరేటర్. పాతికేళ్లు కూడా ఉండవు. తెల్లటి గది, గోడ పొడవునా మీటర్లు, బల్ల మీద లావుపాటి లాగ్‌బుక్. స్తుతి ఆయాసపడుతూ లోపలికి వచ్చేసరికి రెండూ యాభై ఐదు. విషయం వినగానే శివజ్యోతి తన టిఫిను డబ్బా పక్కకు జరిపి, శనివారం పేజీ తిప్పింది.

"మద్దికొట్టాల ఫీడరు, అంటే ఆ దిక్కు పోయే లైను. తొమ్మిది సున్నా సున్నాకు ఇచ్చినాం. ఆరు సున్నా సున్నాకు తీసినాం. రాసిస్తా మేడమ్, ముద్ర కూడా ఏస్తా."

"మధ్యలో ఎన్నిసార్లు పోయింది?"

"పోలేదు."

"లోడు ఎక్కువై పోతా వస్తా ఉందన్నారు."

"శనివారమా? లేదు మేడమ్. పోతే ప్రతిసారీ రాయాల, లేకుంటే నా ఉద్యోగం పోతాది. ఇదిగో, పావుగంటకొకసారి రీడింగుండాది. తొమ్మిదిన్నరా పదీ మధ్య కొంచెం తగ్గింది, అంతే. ఏదో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఆగినట్టుండాది."

స్తుతి పెన్ను మూత పెడుతూ పెడుతూ ఆగింది.

"ఈడ ఆపకుండా, ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కరెంటు తీసేయొచ్చా?"

"ఎందుకు తీయరాదు? స్తంభం మీద ఏబీ స్విచ్ ఉంటాది. కింద ఇనుప హ్యాండిలు పట్టి గుంజితే ఆ తోట వరకే పోతాది. దానికి తాళం ఉంటాది. ఎవురంటే వాళ్లు తీయలేరు."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"లైన్‌మన్ దగ్గర. మా నరసన్న సార్ దగ్గర."

గదిలోని మీటర్ల సన్నటి మోత స్తుతి చెవుల్లో ఒక్కసారి పెద్దదైంది. మాట్లాడుతుండగా కరెంటు పోతే మనిషి ఏం చేస్తాడు? బయటికి వస్తాడు. గుమ్మంలో నిలబడి ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూస్తాడు. ఈ ప్రాంతంలో ఎవరైనా చేసేది అదే. అరుణ్ ఎవరికీ భయపడి పరిగెత్తలేదు. కరెంటు ఎందుకు పోయిందా అని చూశాడు. హ్యాండిలు గుంజి, కొట్టం వెనకగా తిరిగి వచ్చిన మనిషి గోడ మూలన నిలబడి ఉన్నాడు.

"శివజ్యోతీ, నువ్వు సిరిచెట్టు కంపెనీలో చెట్టు కొన్నావా?"

ఆ పిల్ల సిగ్గుపడింది. "ఒక్కటే మేడమ్. నరసన్న సారే ఇప్పించినాడు. ఈ చుట్టుపక్కల పన్నెండు ఊర్లకూ ఆయనే గదా ఏజెంటు. నా చెట్టు మంచి జాగాలో ఉండాదన్నాడు. మూడో సాలంట."

పన్నెండు ఊర్లు. కంపెనీ మోసం బయటపడిన రోజు మహానందిలోనో బెంగుళూరులోనో ఉండే భూపేష్‌ను ఎవరూ పట్టుకోలేరు. ఎద్దులమ్ముకున్న ప్రతి మనిషీ ముందుగా తట్టేది నరసన్న తలుపే. శుక్రవారం టీ అంగట్లో అరుణ్ మాట విన్న ఇరవై మందిలో నరసన్నా ఉండి ఉంటాడు. శనివారం కరెంటుతో పాటే లేచి తోటకు వచ్చాడు. ఈ రోజు గిడ్డమ్మ, మైకు నడిమద్దెలో ఆగిందన్న ఒకే ఒక్క మాటను, సరిగ్గా అతని ఎదుటే చెప్పింది. చెప్పించింది స్తుతి. బండెక్కించిందీ స్తుతే.

ఆమె శివజ్యోతిని అడిగి నరసన్న నంబరు కలిపింది. స్విచాఫ్. కోర్టు దగ్గర ఎదురుచూస్తున్న ఈరన్న లాయరుకు చేసింది. "మీ సాక్షి ఇంకా రాలేదు మేడమ్, మూడు దాటింది" అన్నాడతను.

తోట నుంచి కోర్టుకు పద్దెనిమిది కిలోమీటర్లే. బండి కదిలి గంట.

"నరసన్న ఇప్పుడు యాడుంటాడో కనుక్కోగలవా?"

"కనుక్కునేదేముంది, ఈడ రాసే ఉండాది." శివజ్యోతి ఈనాటి పేజీ చూపించింది. "రెండూ నలభైకి ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాడు. దొంగలవంక కాడ తీగె తెగిందంట. ఆయన పని చేసుకునేదానికి ఫీడరు ఆపినా. అందుకే సూడండి, ఆ మీటరు సున్నాలో ఉండాది. పని అయినాంక ఆయనే ఫోన్ చేసి వెయ్యమంటాడు, అప్పుడు వేస్తా. ఆయన చెప్పందే వేయకూడదు, చెప్పినాంక ఆపకూడదు. అది మా రూలు."

"దొంగలవంక డోన్ దారిలోనా?"

"కాదు మేడమ్. అడవి పక్క. ఆ దిక్కు మనుషులే పోరు."

స్తుతి బసవరాజ్‌కు ఫోను చేయబోయింది. అంతలో బల్ల మీది ఫోను మోగింది. తెర మీద నంబరు నరసన్నది కాదు. శివజ్యోతి ఎత్తింది, గొంతు గుర్తుపట్టి స్పీకరు నొక్కింది.

"జ్యోతమ్మా, నరసన్నను. నా ఫోన్లో చార్జింగు లేదు, వేరే ఫోన్తో చేస్తాండా. తీగె అతికించేసినా. లైన్ క్లియర్ వాపసు. ఫీడరు ఎయ్యి."

శివజ్యోతి చేయి అలవాటుగా ప్యానెలు మీది మీట వైపు వెళ్లింది. స్తుతి ఆ చేతి మీద తన అరచేయి వేసి గట్టిగా అదిమింది. రెండో చేత్తో బసవరాజ్‌కు రెండే మాటలు టైపు చేసింది: దొంగలవంక. గిడ్డమ్మ.

ఫోనులో, దూరంగా, గాలికి తెగుతూ ఒక ఆడగొంతు వినిపించింది.

"ఇంగ ఎంతసేపు నరసన్నా? నాలుక్కంతా కోర్టుకు పోవాల. ఈ తీగె పట్టుకోని నిలబడి చేతులు గుంజుతాండాయి."

"అయిపాయ వొదినా. ఒక్క నిమిషం, విడిచిపెట్టాకు." తర్వాత గొంతు మళ్లీ దగ్గరికి వచ్చింది, ఓపిగ్గా, మెత్తగా. "జ్యోతమ్మా, ఎయ్యి తల్లీ."

 శివజ్యోతికి అంతా అర్థమైంది: మీట వేస్తే కరెంటు పోయేది ఆ తీగెలోకే. ప్యానెలు మీంచి చేయి వెనక్కి తీసుకుంది. స్తుతి పెదవులతోనే చెప్పింది: మాట్లాడు. ఏదో ఒకటి.

"సార్... బ్రేకరు పట్టుకోలేదు సార్. ఒక్క ఐదు నిమిషాలు..."

అవతల గాలి చప్పుడు. ఎక్కడో ఒక మేక అరిచింది.

"జ్యోతమ్మా," అన్నాడు నరసన్న నెమ్మదిగా, "నీ పక్కన ఎవురుండారు?"